గడ్డ దొరికిన నాటి నుంచి గోలీ ఆపే నాటి దాకా

(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు ఇప్పటిదాకా విన్నరు. మా ఉపసంఘానికి అరగంట ఇచ్చిన్రు. పోయిన ఏడు రక్తహీనత గురించి, అంతకు ముందు ఏడు గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడినం. ఈసారి రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడాలని అనుకున్నం. పేరు వినంగనే కొందరు తల దించుకుంటున్నరు, వెనక వరుసలో పిల్లలు నవ్వుకుంటున్నరు. నవ్వితే నవ్వండి గానీ వినండి. మోకాలి నొప్పి గురించి అందరి ముందు చెప్పుకుంటం, రొమ్ములో గడ్డ గురించి సొంత చెల్లెకు కూడా చెప్పుకోం. ఈ జబ్బుకు మొదటి బలం ఆ సిగ్గే.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు మొదటిది ఇదే. 2022 ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని, సుమారు 98,000 మంది చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఇది పట్నం జబ్బు, మనలాంటి కష్టం చేసుకునేటోళ్లకు రాదు అని కొందరు అంటరు. పట్నంలో ఎక్కువ అనేది నిజమే. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో ఇచ్చిన నివేదికలో దేశం మొత్తం మీద రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది మన హైదరాబాద్ జిల్లాలోనే, లక్ష మంది ఆడవాళ్లకు 48. పల్లెల్లో తక్కువ మందికి వస్తుంది, కానీ వచ్చినవాళ్లు దవాఖానకు చేరేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. ఇంకో సంగతి, పశ్చిమ దేశాల కన్నా మన దగ్గర దాదాపు పదేండ్లు ముందుగానే వస్తుంది. నలభై, యాభై ఏండ్ల వయసు, అంటే బిడ్డ పెండ్లి, కొడుకు చదువు, సంఘంలో అప్పు, అన్నీ నెత్తి మీద ఉన్న వయసు.

ఇప్పుడు ఒక లెక్క చెప్తం. లెక్కలు రాసే అక్కలు దీన్ని రాసుకోండి. దేశంలో 11 ప్రాంతాల రిజిస్ట్రీల్లో ఉన్న రొమ్ము క్యాన్సర్ రోగులు ఐదేండ్ల తర్వాత ఎంతమంది బతికి ఉన్నరో చూసిన్రు. అన్ని రకాలూ కలిపి నూటికి 66 మంది. గడ్డ రొమ్ములోనే ఉన్నప్పుడు తెలుసుకున్నవాళ్లలో నూటికి 81 మంది. చంకలో బిళ్లల దాకా పాకినంక వచ్చినవాళ్లలో 65. ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకినంక వచ్చినవాళ్లలో 18. అదే జబ్బు, అవే మందులు. 81కి, 18కి మధ్య ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇంట్లో గడిచిపోయిన నెలలదే.

ఆ నెలలు ఎట్ల గడుస్తయో మీకు తెలియంది కాదు. క్యాన్సర్ గడ్డ మొదట్లో నొయ్యదు. నొయ్యనిదాన్ని మనం రోగం అనుకోం. చంటిపిల్ల ఉంటే పాలు గడ్డకట్టినయి అంటరు. ముట్లు ఆగే వయసైతే ఒంట్లో వేడి అంటరు. ఎవరో పసరు కట్టుమంటరు. అది కట్టినంక నెల రోజులు చూద్దాం అంటం, పత్తి ఏరుడు అయిపోయినంక పోదాం అంటం, సంక్రాంతి వెళ్లినంక అంటం. పసరు కట్టే పెద్దమ్మల మీద మాకు కోపం లేదు. వాళ్లు తేలుకాటుకు, సెగగడ్డకు తెలిసిన మందు ఇస్తరు. కానీ రొమ్ములో గట్టిగా, కదలకుండ ఉన్న గడ్డకు పసరు కట్టొద్దు. ఆ ఒక్క మాట వాళ్లకు కూడా చెప్పండి, వాళ్లే మొదట దవాఖానకు పంపేటోళ్లు అయితరు.

ఏం చూడాలె అంటే, ముట్టయి పోయిన వారం రోజులకు, ముట్లు ఆగినోళ్లు నెలకు ఒక తారీఖు పెట్టుకొని, స్నానం చేసేటప్పుడు వేళ్ల బుడుపుతో రొమ్ము చుట్టూ, చంకలో తడిమి చూసుకోవాలె. కొత్త గడ్డ, రొమ్ము మీద చర్మం లోపలికి గుంజుకుపోవుడు, ముచ్చిక లోపలికి పోవుడు, ముచ్చిక నుంచి నెత్తురు లెక్క కారుడు, మానని పుండు. చర్మం గుంటలు గుంటలు పడి కనిపిస్తే డాక్టర్లు నారింజ తొక్క లాగ ఉందని రాస్తరు. నల్గొండోళ్లకు నారింజ ఎందుకు, బత్తాయి తొక్క అంటే చాలు, కండ్లకు కట్టినట్టు తెలుస్తది. ఇవి కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. గడ్డల్లో ఎక్కువ శాతం మామూలు గడ్డలే. అది మామూలు గడ్డో కాదో చేత్తో తడిమి ఎవరూ తేల్చలేరు, డాక్టర్ కూడా తేల్చలేడు. పరీక్ష తేల్చాలె.

సినిమా నటి గౌతమి మీకందరికీ తెలుసు. మన శ్రీకాకుళంలో పుట్టిన మనిషి. ఆమెకు ముప్పై ఐదేండ్ల వయసులో ఈ జబ్బు వచ్చింది. గడ్డను తనే చేత్తో గుర్తుపట్టానని ఆమె ఎన్నో సభల్లో చెప్పింది. వైద్యం చేయించుకొని, ఇప్పుడు ఇతర రోగుల కోసం సంస్థ నడుపుతున్నది.

చేత్తో చూసే పరీక్షతో పెద్ద లాభం ఉంటదా అని చదువుకున్న పిల్లలు కొందరు మమ్మల్ని అడిగిన్రు. మంచి ప్రశ్న. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏండ్లు చూసిన్రు. బస్తీల్లో ఉండే లక్షన్నర మంది ఆడవాళ్లను రెండు భాగాలు చేసిన్రు. ఒక భాగానికి రెండేండ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశ అక్కల లాంటోళ్లే, చేత్తో పరీక్ష చేసిన్రు. ఆ భాగంలో జబ్బు ముదరకముందే దొరికింది. యాభై ఏండ్లు దాటిన వాళ్లలో ఈ జబ్బుతో చావులు సుమారు 30 శాతం తగ్గినయి. యాభై లోపు వాళ్లలో చావులు తగ్గినట్టు కనిపించలేదు, అది కూడా వాళ్లు దాచకుండ రాసిన్రు. మనం కూడా దాచం. అందుకే వయసు దాటిన పెద్దమ్మలు 'ఇగ నాకెందుకు పరీక్ష' అనేది మానుకోవాలె. పరీక్ష వల్ల ఎక్కువ లాభం మీకే. ప్రభుత్వ లెక్క ప్రకారం ముప్పై ఏండ్లు దాటిన ప్రతి ఆడమనిషికి ఐదేండ్లకోసారి ఈ పరీక్ష చెయ్యాలె. 2023 మార్చి 8న మన రాష్ట్రంలో ఆరోగ్య మహిళ అని మంగళవారం క్లినిక్కులు మొదలైనయి, అందులో ఇది ఒకటి. మన పీహెచ్‌సీలో మంగళవారం ఎవరు చూస్తున్నరు, లేడీ డాక్టర్ వస్తున్నదా లేదా అని గ్రామ సంఘం మీటింగ్‌లో అడిగి మినిట్స్‌లో రాయించండి.

ఇగ పరీక్ష సంగతి. దవాఖానలో మూడు పనులు చేస్తరు. చేత్తో చూస్తరు, స్కానింగో మామోగ్రామో తీస్తరు, సూదితో చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపుతరు. ఆ ముక్క తీసుడునే బయాప్సీ అంటరు. సూది పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతదని మన ఊళ్లల్ల ఒక మాట ఉంది. అది తప్పు. సూదికి భయపడి ఇంటికొచ్చినోళ్లలో జబ్బు దానంతట అదే పాకింది, పాపం సూదికి వచ్చింది.

దీనికన్నా మమ్మల్ని బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. గడ్డతో పోతే, ఏ పరీక్షా లేకుండ, చిన్న ఆపరేషన్ అని చెప్పి గడ్డ తీసేసి పంపిస్తున్న చోట్లున్నయి. తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపరు. ఏడాది తిరగంగనే అదే చోట, లేదంటే చంకలో మళ్ల వస్తది. అప్పుడు పెద్ద దవాఖానకు పోతే 'మొదటి ఆపరేషన్ కాగితాలేవి, గడ్డ రిపోర్టేది' అని అడుగుతరు. చూపడానికి ఏముండదు. అందుకని అక్కలారా, కత్తి పెట్టకముందే సూది పరీక్ష చేయించమని అడగండి. ఎట్లనో ఆపరేషన్ అయిపోయినా, తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపిన్రా, రిపోర్ట్ ఏది అని నిలబడి అడగండి. అది మన ఒంటి నుంచి తీసింది.

క్యాన్సర్ అని తేలితే ఆ ముక్కకే ఇంకో పరీక్ష ఉంటది. హార్మోన్లకు లొంగే రకమా, హెర్ టూ అనే రకమా, రెండూ కానిదా అని చూస్తరు. ఈ కాగితం చాలా విలువైంది. పాస్ పుస్తకం ఎట్ల దాచుకుంటమో అట్ల దాచుకోవాలె. ఎందుకంటే తర్వాత ఏ మందు పని చేస్తది అన్నది ఈ కాగితమే చెప్తది.

ఆపరేషన్ అంటే రొమ్ము మొత్తం తీసేసుడే అనుకుంటం. నూరేండ్ల కింద నిజంగనే అట్లుండేది. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే డాక్టర్ రొమ్ముతో పాటు కింద ఉన్న ఛాతీ కండరం కూడా తీసేసేటోడు, ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదని దునియా అంతా నమ్మింది. తర్వాత బెర్నార్డ్ ఫిషర్ అనే ఇంకో డాక్టర్ ఆడవాళ్లను గుంపులుగా విడదీసి చూసి, గడ్డ ఒక్కటి తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా బతికేది సమానమే అని 1985లో చూపించిండు. ఇది అందరికీ కుదరదు. గడ్డ పెద్దదైతే, ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉంటే మొత్తం తీయాల్సి వస్తది. రేడియేషన్‌కు పోలేనివాళ్లకు కూడా డాక్టర్ మొత్తం తీయమనే చెప్తడు. కానీ అడిగే హక్కు మనది. 'రొమ్ము ఉంచి చేసేది నాకు కుదురుతదా, కుదరకపోతే ఎందుకు' అని అడిగితే తప్పేం లేదు.

కొందరికి ఆపరేషన్ ముందు చెయ్యరు, ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నగా చేసి తర్వాత కోస్తరు. ఇది వినంగనే ఇంటోళ్లు 'డాక్టర్లు చేతులెత్తేసిన్రు, కొయ్యడానికి కూడా లేదంట' అని ఏడ్చుడు మొదలుపెడతరు. అది కూడా వైద్యంలో ఒక పద్ధతే. ఎత్తేసినట్టు కాదు.

కీమో అంటే సెలైన్‌లో ఎక్కించే మందు. చాలామందికి మూడు వారాలకోసారి, ఆరో ఎనిమిదో సార్లు ఇస్తరు. అంటే నాలుగు నెలల నుంచి ఆరు నెలలు. ఈ మందుల కథలో మన తెలుగాయన కూడా ఒకరున్నరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధన నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. 1976లో ఇటలీ డాక్టర్లు ఆపరేషన్ అయినంక మూడు మందులు కలిపి ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరిగి వచ్చేది తగ్గుతదని చూపించిన్రు. ఆ మూడింటిలో ఒకటి అదే. ఇప్పుడు వేరే మందులు ఎక్కువ వాడుతున్నరు. పిల్లలకు చెప్పుకోవడానికి బాగుంటదని ఈ ముచ్చట చెప్పినం.

కీమోలో జుట్టు ఊడుతది. మళ్ల వస్తది. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నయి, అడిగి రాయించుకోవాలె. అన్నిటికన్నా ముఖ్యం జ్వరం. కీమో అయిన రెండు వారాల లోపల జ్వరం 100.4 దాటితే అది మామూలు జ్వరం అనుకోవద్దు. ఒంట్లో రోగంతో కొట్లాడే తెల్లకణాలు తగ్గిపోయి ఉంటయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకొని పండుకుంటే రాత్రికి రాత్రే ప్రాణం మీదికి వస్తది. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖానకు పోవాలె, కీమో తీసుకుంటున్నమని మొదటి మాటగా చెప్పాలె. కీమో తీసుకుంటున్న ఇంట్లో ఒక థర్మామీటర్ ఉండాలె. దాని ఖరీదు ఒక పూట చాయ్ బిస్కెట్ల ఖర్చుకు కొంచెం ఎక్కువ, అంతే. గ్రామ సంఘమే కొనియ్యొచ్చు.

ఇప్పుడు మా ఉపసంఘం ఈ విషయం ఎందుకు ఎత్తుకుందో చెప్తం. మన సంఘాల్లో ఒక అక్క ఉంది. ఊరు, పేరు చెప్పొద్దని అడిగింది, చెప్పం. గడ్డ దొరికింది, తొందరగనే పోయింది, ఆపరేషన్ అయింది, నాలుగు కీమోలు అయినయి. ఐదో కీమోకు పోలేదు. ఎందుకు పోలేదంటే ఆ వారమే పత్తి ఏరుడు, కూలి రేటు ఎక్కువ ఉన్న వారం. ఆ వారమే సంఘం కిస్తీ. కూలికి పోకపోతే కిస్తీ లేదు. కిస్తీ లేకపోతే పది మంది ఇంటి ముందుకొస్తరు. ఆమె కిస్తీ కట్టింది, కీమో వదిలేసింది. ఆరోది కూడా పోయింది. ఒకసారి తప్పినంక దవాఖానలో తిడతరేమో అన్న భయంతో మళ్ల పోలేదు. ఏడాదిన్నరకు ఎముకల్లో నొప్పి మొదలైంది. ఇప్పుడు మళ్ల వైద్యం నడుస్తున్నది, మందులు మార్చిన్రు. ఆ రెండు కీమోలు తీసుకొని ఉంటే ఇట్ల కాకపోయేదా అంటే ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. కానీ కిస్తీ తేదీ, కీమో తేదీ ఒక్క రోజున పడితే ఆడమనిషి ఏది ఎంచుకుంటదో మనకు తెలుసు.

బ్యాంకు కిస్తీ ఈ నెల తప్పితే వచ్చే నెల కట్టొచ్చు, వడ్డీ పడుతది అంతే. కీమో అట్ల కాదు. మందుకు మందుకు మధ్య ఎడం పెరిగితే మిగిలిన కణాలకు ఊపిరి ఇచ్చినట్టయితది.

రేడియేషన్ సంగతి ఇంకా కష్టం. మనోళ్లు కరెంటు పెట్టుడు అంటరు, అందులో కరెంటు షాకేం ఉండదు, ఎక్స్‌రే తీయించుకున్నట్టే పండబెడతరు, కొన్ని నిమిషాలు. కష్టం ఎక్కడంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పోవాలె. ఇంతకు ముందు ఐదు వారాలు ఇచ్చేటోళ్లు, ఇప్పుడు చాలామందికి మూడు వారాలు, 15 సార్లు ఇస్తే చాలని తేలింది. మీకు ఎన్ని వారాలో అడగండి. మన వైపు నుంచి చాలామంది దీనికోసం హైదరాబాద్‌కే పోతున్నరు. నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి నూరు కిలోమీటర్లు, మక్తల్ నుంచో అచ్చంపేట లోపలి తండాల నుంచో ఇంకా ఎక్కువ. 2023 డిసెంబర్ 9 నుంచి మనకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, అది నిజంగా పెద్ద ఆసరా. కానీ రోజూ నూరు కిలోమీటర్లు పోయి రావుడు ఏ రోగికైనా సాధ్యమా? మూడు వారాలు పట్నంలో ఉండాలె. ఎక్కడుండాలె, ఎవరు తోడుండాలె, ఇంట్లో బర్రెకు గడ్డి ఎవరు వెయ్యాలె, ఇవి దవాఖాన చీటీలో రాసి ఉండవు. ఆ మూడు వారాలకు తోడు పోయేటోళ్లను సంఘం వంతులు వేసుకోవచ్చు. బోనాలకు, బతుకమ్మకు వంతులు వేసుకుంటమే, అట్లనే.

తెలియనోళ్ల కోసం తొవ్వ చెప్తం. ప్రభుత్వ క్యాన్సర్ దవాఖాన ఎంఎన్‌జే, రెడ్ హిల్స్‌లో ఉంది. 1955 నుంచి ఉన్న దవాఖాన, 2023లో 300 పడకల కొత్త బిల్డింగ్ కూడా వచ్చింది. నల్గొండ బస్సులో పోయేటోళ్లు ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కితే రైలు మారకుండ లక్డీకాపూల్‌లో దిగొచ్చు. పాలమూరు బస్సులో ఎంజీబీఎస్‌లో దిగినోళ్లు అక్కడే మియాపూర్ పోయే మెట్రో ఎక్కాలె. బంజారాహిల్స్‌లో బసవతారకం దవాఖాన 2000 నుంచి నడుస్తున్నది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది.

పైసల గురించి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, ఆ ఏడు చివర్లనే నల్గొండకూ వచ్చింది. అంటే ఈ పథకం మనకు కొత్తది కాదు. 2023 డిసెంబర్ 9న దీని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు చేసిన్రు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ దీంట్ల ఉన్నయి. నెట్‌వర్క్ దవాఖానలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటది, ముందు అక్కడికి పోవాలె. అనుమానం ఉంటే 104. ఆరోగ్యశ్రీ ఉండంగ చెవుల కమ్మలు కుదువ పెట్టి వైద్యం మొదలుపెట్టి, సగంలో పైసలు అయిపోయినంక పథకం గురించి అడిగేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. అట్లనే పథకం మందులకు పైసలిస్తది గానీ పోయిన కూలికి ఇయ్యదు. మన ఆడవాళ్లు వైద్యం మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఆ కూలి దగ్గరే.

2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేండ్లలో అన్ని జిల్లా దవాఖానల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతమని ప్రకటించిన్రు. పొద్దున పోయి కీమో ఎక్కించుకొని సాయంత్రం ఇంటికి రావొచ్చు. మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ఎక్కడెక్కడ నడుస్తున్నయి, ఏ రోజు, ఏ మందులు ఇస్తున్నరు అని జిల్లా సమాఖ్య తరఫున కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలని మా ఉపసంఘం కోరుతున్నది. మొదటి కీమో పట్నంలో తీసుకున్నా మిగిలినవి ఇంటి దగ్గర దొరికితే సగం మంది ఆగిపోకుండ ఉంటరు అని మా నమ్మకం.

రేడియేషన్ అయిపోంగనే అందరూ 'అయిపోయింది' అంటరు. హార్మోన్లకు లొంగే రకం ఉన్నోళ్లకు అసలు పని అప్పుడే మొదలైతది. టమోక్సిఫెన్ అని చిన్న గోలీ, రోజుకొకటి, ఐదేండ్లు, కొందరికి పదేండ్లు. ముట్లు ఆగినోళ్లకు లెట్రోజోల్ లాంటిది ఇస్తరు. ఖరీదైన మందు కాదు. కానీ ఒంట్లో బాగున్నప్పుడు రోజూ గోలీ మింగుడు మనకు అలవాటు లేదు. ఆరు నెలలకు మానేస్తరు. ఆ గోలీ వేసుకుంటే జబ్బు తిరిగొచ్చే ప్రమాదం చాలా తగ్గుతదని ఎన్నో దేశాల్లో వేలమంది మీద చూసి తేల్చిన్రు. దాంతో ఒంట్లో ఆవిర్లు వస్తయి, చెమటలు పడతయి. ముట్లు ఆగినోళ్లకు మళ్ల నెత్తురు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలె. కడుపుతో ఉన్నప్పుడు వేసుకోవద్దు. హెర్ టూ రకం ఉన్నోళ్లకు ట్రాస్టుజుమాబ్ అనే సూది సాధారణంగా ఏడాది పాటు ఉంటది. ఒకప్పుడు దాని రేటు వింటేనే కండ్లు తిరిగేవి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర మందుల జాబితాలో పెట్టింది, మన దేశంలో తయారయ్యేవి వచ్చినంక రేటు దిగింది. మీ కాగితంలో హెర్ టూ పాజిటివ్ అని ఉంటే ఆ మందు ఆరోగ్యశ్రీలో ఎట్ల వస్తదో అడగకుండ ఇంటికి రావద్దు.

చంకలో బిళ్లలు తీసినోళ్లలో కొందరికి ఆ పక్క చెయ్యి వాస్తది. గోడకు వేళ్లు ఆనించి మెల్లగా పైకి పాకిచ్చే కసరత్తు దవాఖానలో నేర్పుతరు, మానొద్దు. ఆ చేతికి కొడవలి గాటు, పత్తి ముళ్లు, కట్టెలపొయ్యి కాలుడు తగలకుండ చూసుకోవాలె. చెయ్యి ఎర్రబడి వేడిగా వాస్తే ఆగొద్దు. ఆ అక్కకు నీళ్ల బిందె, గడ్డిమోపు పని తగ్గించమని ఇంటి మగోళ్లకు సంఘమే చెప్పాలె. ఆమె చెప్తే వినరు.

ఇంకో మాట నల్గొండోళ్లకు ప్రత్యేకంగా. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినోళ్లం, నడుం నొప్పి, ఎముకల నొప్పి అంటే ఫ్లోరైడే అనుకునే అలవాటు ఉంది. రొమ్ము క్యాన్సర్ వైద్యం అయిన మనిషికి కొత్తగా నడుంలో, తొడ ఎముకలో నొప్పి వచ్చి, రాత్రిపూట కూడా తగ్గకపోతే ఫ్లోరైడ్ మీద వేసి ఊరుకోవద్దు. క్యాన్సర్ డాక్టర్‌కు చూపియ్యాలె. ఇది ఎక్కువగా పాకేది ఎముకలకే.

జబ్బు ముదిరి, ఇగ నయం కాదు అన్నోళ్లకు కూడా వైద్యం ఉంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ గోలీ ఎంఎన్‌జేలో ఇస్తరు, ఆలన పేరుతో ఇంటికొచ్చి చూసే నర్సులు కూడా మన రాష్ట్రంలో ఉన్నరు. మార్ఫిన్ అంటే మత్తుమందు, అలవాటైతది అని భయపడి మనిషిని రాత్రంతా మూలిగేటట్టు ఉంచొద్దు. ఆమె దగ్గర కూసోండి. అంటదు ఈ జబ్బు, గిన్నె వేరే పెట్టే అవసరం లేదు. ఆమె బిడ్డకు సంబంధం చూడడానికి వెనకాడేటోళ్లు కూడా ఉన్నరు. వందలో ఐదు నుంచి పది మందికే ఇది వంశం నుంచి వస్తది, మిగతా అందరికీ అట్ల కాదు.

ఇప్పుడు తీర్మానం. సంఘం సభ్యురాలికి క్యాన్సర్ అని కాగితం మీద తేలిన రోజు నుంచి, కీమో, రేడియేషన్ నడిచినన్ని నెలలు ఆమె కిస్తీ గ్రామ సంఘం తన నిధి నుంచి కడుతది. అది మాఫీ కాదు, ఆమె పేరు మీద వడ్డీ లేని అప్పుగా రాస్తరు, వైద్యం అయిపోయిన ఆరు నెలల తర్వాత నుంచి చిన్న కిస్తీలుగా కడుతది. దీని మీద మండల మీటింగ్‌లో మస్తు వాదన జరిగింది. ఒక ఓబీ అక్క అడిగింది, 'ఇవాళ క్యాన్సర్ అంటరు, రేపు పక్షవాతం అంటరు, ఎల్లుండి కొడుకు యాక్సిడెంట్ అంటరు, నిధి ఎక్కడికి సరిపోతది' అని. ఆమె అడిగింది సరైనదే. నిధి చిన్నది. ఇంకొకరు రికవరీ శాతం గురించి భయపడ్డరు. కిస్తీ సమయానికి కట్టకపోతే వడ్డీ రాయితీ పోతది, సంఘం గ్రేడు పడుతది, తర్వాత పెద్ద లింకేజీ రాదు. మా జవాబు ఏందంటే, ఈ పద్ధతిలో కిస్తీ తప్పదు. బ్యాంకుకు అదే తారీఖున పోతది, కట్టే చెయ్యి మాత్రమే మారుతది. తక్కిన జబ్బుల గురించి వచ్చే ఏడు మాట్లాడుదాం. దీనికి మొదలు, చివర తారీఖులు డాక్టర్ కాగితం మీద ఉంటయి కాబట్టి లెక్క రాసుడు సులువు, అందుకే దీంతో మొదలుపెడదామన్నం.

దీంతో పాటు ప్రతి గ్రామ సంఘం ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలె. వైద్యంలో ఉన్న అక్క పేరు, తర్వాతి కీమో తారీఖు, తోడు ఎవరు పోతున్నరు, గోలీల డబ్బా ఎప్పుడు అయిపోతది. అంతే రాయాలె. జబ్బు వివరాలు రాయొద్దు, మీటింగ్‌లో గట్టిగ చదవొద్దు. నోటుబుక్కు వీఓఏ దగ్గర కాకుండ ఆ అక్క ఎవరిని నమ్ముతదో వాళ్ల దగ్గర ఉండాలె. తారీఖుకు రెండు రోజుల ముందు ఇంటికి పోయి 'ఎల్లుండి బస్సుకు పోదాం' అని చెప్పాలె.

తీర్మానం కాగితాలు ముందు వరుసలో కూసున్న అక్కల చేతికి ఇచ్చినం. చదివి వినిపించుమన్నోళ్లకు చదివి వినిపిస్తరు. అభ్యంతరం ఉన్నోళ్లు కూడా సంతకం పక్కన తమ అభ్యంతరం రాయొచ్చు. భోజనాలు అయినంక ఓటు పెడతం.